తలుపు కింద వెలుగు

కువైట్,
ఫిబ్రవరి

కళ్యాణికి,

బాగున్నావా అమ్మాయ్? ఈ ఉత్తరం నీకిచ్చిన ఆవిడ పేరు సూరమ్మ గారు, రాజోలు మనిషి. ఇక్కడ మా పక్కింట్లో వంట చేస్తారు. కొడుకు పెళ్ళికని నెల్రోజులు సెలవు దొరికింది, అదృష్టవంతురాలు. తిరిగొచ్చేటప్పుడు నీ జవాబు కూడా తెస్తానన్నారు. "నా బైబిల్లో పెట్టుకుని తెస్తానమ్మా, ఎక్కడికీ పోదు" అని మాటిచ్చేరు. కాఫీ అయినా ఇవ్వకుండా పంపేవు, జాగ్రత్త.

ఫోను ఉండగా ఉత్తరాలేంటి అంటావేమో. ఫోను నేను పనిచేసే ఇంటి మేడం దగ్గర ఉంటుంది. శుక్రవారం కాసేపు ఇస్తుంది, నేను ప్రసన్నతో మాట్లాడినంతసేపూ ఎదురుగా కూచుంటుంది. మన భాష ఒక్క ముక్క రాదు గానీ నా మొహం చూసి అన్నీ కనిపెట్టేస్తుంది మహాతల్లి. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే చాలు, ఫోను లాక్కుంటుంది. అందుకే కన్నకూతురితో మాట్లాడేటప్పుడు పళ్ళికిలించుకుని మాట్లాడతాను. నీకు చేద్దామంటే ఆ కాసేపూ ప్రసన్నకే చాలదు.

అసలు సంగతి చెబుతాను. నవంబరుతో నా అకామా, అదే ఇక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు, గడువు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమని మేడం ఇప్పట్నుంచే నా ప్రాణం తీస్తోంది. ఒకరోజు మంచిగా అడుగుతుంది, ఒకరోజు అన్నం పెట్టదు. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లోనూ "నాకు ఇల్లుంది, పోతాను" అని చెప్పాను. నవ్వింది. నీకు ఇల్లేమిటే అన్నట్టు నవ్వింది.

ఆ రాత్రి పడుకుని మనిల్లు తలుచుకున్నాను. గుమ్మం దగ్గర్నుంచి మొదలెట్టి ఒక్కో గదీ నడుచుకుంటూ వెళ్ళాను. వంటింట్లోకొచ్చేసరికి, గోడలో గూడు పొయ్యికి ఎడంపక్కనుందా కుడిపక్కనుందా, ఎంత కొట్టుకున్నా గుర్తు రాలేదు. ఆ గూట్లో నేను ఉప్పు డబ్బా పెట్టుకున్నానే! చచ్చేంత భయమేసింది అమ్మాయ్. పొద్దున్న చెట్లెక్కి కాయలు దింపి, సాయంత్రం వచ్చి ఒక్కో ఇటికా పేర్చి కట్టేడు మీ అన్నయ్య ఆ ఇల్లు. చెట్టు మీంచి పడ్డాక ఆ పడకగదిలోనే నా చెయ్యి పట్టుకుని పోయేడు. అలాంటి ఇల్లు నేను మర్చిపోతున్నానంటే ఇక్కడ నన్నేదో తినేస్తోందన్నమాట.

నాకు లోపల చూడాలని ఉంది. వెనకోసారి నీ ఫోనుతో తీసిన ఫోటో బొగ్గుముక్కలా వచ్చింది. కరెంటు లేదు, కిటికీలు మేకులు కొట్టేసి ఉన్నాయి, ఏం కనబడుతుంది అన్నావు. అమలాపురంలో అంత పెద్ద స్టూడియోలో పనిచేస్తున్నావు, చీకటింటికి ఫోటో తీసే ఉపాయం మీ రాజబాబు గారికి తెలీదా? అడుగు. బతిమాలు. కాగితం మీద కడిగించి పంపు, చేత్తో పట్టుకుని చూసుకుంటాను.

నేను రోజూ లేస్తున్నది ఆ ఇల్లుందన్న ధైర్యంతోనే. అది కళ్ళపడకపోతే ఏదో ఒకరోజు విసుగెత్తి ఆ సంతకం పెట్టేస్తానేమోనని భయంగా ఉంది. పెడితే ఇంక నేను మనిషిగా తిరిగిరాను. ఈ మాట ప్రసన్నతో అనకు.

మీ వదిన
వీరవేణి


అమలాపురం,
మార్చి

వదినకి దండాలు.

సూరమ్మ గారికి కాఫీ ఇచ్చాను, భోజనమూ పెట్టాను. ఆవిడ చేతికే ఈ కవరూ చేగోడీల పొట్లమూ ఇస్తున్నాను. ముందు ఫోటోలు చూసుకో, ఆ తర్వాతే ఇది చదువు.

చూశావా? ఎలా ఉన్నాయి? పండగ చేసుకో వదినా, ఇవి తియ్యడానికి నేను పడ్డ పాట్లు మామూలివి కావు. నీ ఉత్తరం రాజబాబు గారికి చదివి వినిపించాను. ఆయన దిండిలో రిసార్టు వాళ్ళ గదులు ఇలాగే తీసేరట. "ఆయ్, అదెంత పనమ్మా, టార్చిలైటుతో తీసెయ్యొచ్చు" అని కెమెరా, స్టాండూ, నల్ల రైనుకోటూ ఇచ్చి నేర్పేరు. పద్ధతేంటంటే గది పూర్తిగా చీకటి చేసెయ్యాలి. కెమెరాని స్టాండుకి బిగించి దాని కన్ను తెరిచి వదిలెయ్యాలి. అది మూసుకునేలోపు మనం లైటు పుచ్చుకుని గదంతా తిరుగుతూ గోడల మీద వెలుగు వేసుకుంటూ పోవాలి. వెలుగు పడిన చోటల్లా ఫోటోలోకి వస్తుంది, పడనిచోటు రాదు. "సున్నం వేస్తాం చూడు, అలా వెయ్యమ్మా. ఎక్కడా ఆగకూడదు. ఆగేవా, అక్కడ తెల్లగా మాడిపోద్ది" అని ఒకటికి పదిసార్లు చెప్పేరు. మనం నల్లకోటు వేసుకుని కదుల్తూ ఉంటే ఫోటోలో మనం పడమట. నేను ఆ గదంతా తిరిగాను వదినా, ఎక్కడైనా కనబడ్డానా? నాకే నవ్వొచ్చింది.

పొద్దున్నే పడవలో గోదారి దాటి మనింటికి వెళ్ళాను. కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కి, పెంకుల సందులకి పైన పట్టా కప్పించేసరికి మిట్టమధ్యాహ్నం లోపల కన్ను పొడుచుకున్నా కానరాలేదు. మొదటి ఫోటో చెడిపోయింది. అన్నయ్య చొక్కా తగిలించుకునే కొక్కెం ఉందిగా, దాని దగ్గర నిలబడిపోయాను. ఏడుపొచ్చేసింది. లైటు దానిమీదే ఉండిపోయింది. తీశాక చూస్తే అక్కడ గోడకి చిల్లు పడ్డట్టు తెల్లగా వచ్చింది. అది పంపలేదు.

పంపినవి మూడు. ఒకటి ముందుగది. రెండోది వంటిల్లు, గూడు కుడిపక్కనే ఉంది, చూసుకో. మూడోది ముందుగదిలోంచి పడకగది తలుపు. నీలం రంగు ఏమాత్రం పోలేదు, చూశావా! తలుపు కింద వెలుగు కనబడుతోంది కదా, లోపల దీపం పెట్టాను. ఊరికే, బాగుంటుందని.

పడకగది లోపల తియ్యలేదు. మంచమూ సామానూ అడ్డదిడ్డంగా పేర్చి ఉన్నాయి, స్టాండు పెట్టడానికి జాగా లేకపోయింది. ఈసారెప్పుడైనా చూద్దాంలే. సంతకం మాత్రం పెట్టకు. నవంబరుకి నువ్వు విమానం దిగాలి, నేనూ ప్రసన్నా నీకు ఎదురురావాలి. అంతే.

నీ
కళ్యాణి


కువైట్,
ఏప్రిల్

బంగారు తల్లీ,

నీ నోట్లో పంచదార పొయ్యా! ఏం తీశావే! సూరమ్మ గారి చేతిలోంచి కవరు లాక్కున్నంత పని చేశాను. స్నానాలగదిలో గడియ పెట్టుకుని చూశాను. ఎంతసేపు చూశానో నాకే తెలీదు, మేడం వచ్చి తలుపు బాదింది. గూడు కుడిపక్కనే! నేనే వెర్రిమొహాన్ని. ఆ గోడలు చూడు, ఒక్క బీట లేదు, ఒక్క చెమ్మ మరక లేదు. మీ అన్నయ్య చేతి చలవ.

మూడో ఫోటో మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆ తలుపు కింద వెలుగు చూస్తే లోపల ఆయన మేలుకుని ఉన్నాడనిపిస్తోంది. కాయలు దింపి వచ్చిన రోజుల్లో ఒళ్ళునొప్పులతో నిద్రపట్టక దీపం పెట్టుకుని కూచునేవాడు కదా. నేను వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి సరిగ్గా ఇలాగే కనబడేది. నీకెలా తోచిందే ఆ దీపం పెట్టాలని? రోజూ రాత్రి ఆ ఫోటో చూసుకుని, వస్తున్నాలే అని చెప్పి పడుకుంటున్నాను. పిచ్చిదాన్నంటే అను.

మేడంకి గట్టిగా చెప్పేశాను, సంతకం పెట్టను గాక పెట్టను అని. కోపంతో గ్లాసు విసిరింది. విసురుకోనీ.

ఇంకో మాట. ప్రసన్న నీతో ఏమైనా చెప్పిందా? మా అన్నయ్య అప్పలరాజు మంచివాడే గానీ మా వదిన రేవతి సంగతి నీకు తెలుసు. కొత్తపేటలో వాళ్ళింట్లో ప్రసన్నకి ముళ్ళమీద ఉన్నట్టుంది. పిల్ల తినే ముద్ద కూడా రేవతి లెక్కపెడుతుందట. ఇది నోరు విప్పి చెప్పదు. నేను నవ్వుతూ మాట్లాడితే అదీ నవ్వుతూనే మాట్లాడుతుంది. ఆ నవ్వేంటో నాకు తెలీదా? అది నా దగ్గర నేర్చుకున్నదే.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంటరు అయిపోయింది కదా, డిగ్రీ రాజోల్లో చేరుతుంది. మనింట్లోనే ఉండి పడవ దాటి వెళ్ళొస్తుంది. మనిల్లు శుభ్రంగా ఉండగా పరాయి పంచన పడి ఉండాల్సిన ఖర్మ దానికేంటి? పక్కింటి సత్యదుర్గ పిన్ని రాత్రుళ్ళు తోడు పడుకుంటుంది. నవంబరుకి నేనెలాగూ వచ్చేస్తాను. కాలేజీ తెరిచేలోపు తాళంచెవి దానికియ్యి. పడకగదిలో సామాను తీయించి మంచం వేయించు. నాన్న గదిలో పడుకుంటానని ఇప్పట్నుంచే సంబరపడుతోంది. ఆ గది ఫోటో కూడా ఒకటి తీసి పంపు.

మీ వదిన


అమలాపురం,
మే

వదినా,

ఈ ఉత్తరం కాకరపర్తి ఆయనెవరో కువైట్ వెళ్తుంటే ఇస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకు.

ప్రసన్నని ఆ ఇంటికి పంపొద్దు. ఒంటరిగా ఆడపిల్ల ఎలా ఉంటుంది వదినా? సత్యదుర్గ పిన్ని ఈ మధ్య కూతురి దగ్గరికి వెళ్ళొస్తూ ఉంటుంది, నమ్మకానికి లేదు. పైకప్పు కురుస్తోంది, పెంకులు మార్పించాలి. పాములు కూడా తిరుగుతున్నాయి. మొన్న వెళ్ళినప్పుడు వంటింట్లో ఒకటి చూశాను. వరదలు మొదలైతే పడవ ఆపేస్తారు, కాలేజీకి ఎలా వెళ్తుంది?

దాన్ని నా దగ్గరికి తెచ్చుకుంటాను. అమలాపురంలో డిగ్రీ లేదా ఏంటి? నా గది చిన్నదే, అయితే ఏం, ఇద్దరం సర్దుకుంటాం. రేవతి గారికి చెప్పాల్సింది నేను చెప్పుకుంటాను. నువ్వొచ్చాక అందరం కలిసి నెమ్మదిగా అన్నీ చూసుకుందాం.

పడకగది ఫోటో ఇప్పుడు కుదరదు. కెమెరా రిపేరుకి వెళ్ళింది.

తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. కోప్పడకు వదినా. నీ మంచికే చెబుతున్నాను, నా మాట విను. ఈ ఒక్కసారికి విను.

కళ్యాణి


కువైట్,
జూన్

కళ్యాణికి,

నీ ఉత్తరం చదివాను. నాలుగుసార్లు చదివాను. నీ ఫోటోలు పక్కన పెట్టుకుని మరీ చదివాను.

పైకప్పు కురుస్తోందన్నావు. ఫోటోలో నేల పొడిగా ఉంది, గోడమీద తడి మరక ఒక్కటి లేదు. మార్చిలో ఇంత శుభ్రంగా ఉన్న ఇల్లు మే నెలకి కురిసిందా, చినుకు పడకుండానే? నీ ఫోటో అబద్ధమాడుతోందా, నువ్వాడుతున్నావా? ఏదో ఒకటే అయ్యుండాలి కదమ్మా.

పాముందిట. మనం పుట్టిందే పాముల మధ్య. మీ అన్నయ్య చెట్టు మొవ్వులో చెయ్యి పెట్టి పాముని తీసి అవతల పారేసేవాడు, నువ్వు పక్కనుండి నవ్వేదానివి. ఇప్పుడు పాములంటే భయమా?

వదిన ఇక్కడ గొడ్డుచాకిరీ చేస్తూ పడి ఉంది కదా, దానికేం తెలుస్తుందిలే అనుకుంటున్నావు. ఇల్లు శుభ్రంగా ఉందని నువ్వే చూపించావు. పిల్ల వెళ్ళి ఉంటుందంటే తాళం ఇవ్వనంటున్నావు. నీకేం కావాలే? మా అన్న కట్టిన ఇల్లు, నాకూ అందులో హక్కుంది అంటావా? అదేదో మొహమ్మీదే అడగవేం? మీ అన్నయ్య పోయిన రోజు నుంచీ నిన్ను నా తోబుట్టువు కంటే ఎక్కువగా చూసుకున్నాను. ఆ ఇంటి కోసం నా కూతుర్ని రేవతి గుమ్మంలో పడి ఉండమంటావా? ఛీ! రాస్తుంటేనే నాకు నోరు చేదెక్కుతోంది.

జూలై మొదటి ఆదివారం ప్రసన్న వెళ్తుంది. శుక్రవారం ఫోన్లో దానికీ అన్నయ్యకీ చెప్పేశాను. తాళంచెవి ఇచ్చావా, సరే. ఇవ్వకపోతే తాళం పగలగొట్టమన్నాను. అది నా ఇల్లు. నీ అనుమతి నాకక్కర్లేదు.

వీరవేణి


అమలాపురం,
జూలై

వదినా,

ప్రసన్న నా దగ్గర ఉంది. క్షేమంగా ఉంది. మోచెయ్యి గీరుకుంది, అంతే. ముందు ఈ మాట రెండుసార్లు చదువుకో. తర్వాత కూచుని మిగతాది చదువు. పక్కన సూరమ్మ గారుంటే ఇంకా మంచిది.

నీ ఉత్తరం నాకు ఆలస్యంగా అందింది. తెచ్చినాయన జ్వరమొచ్చి ఇంట్లో పడి ఉన్నాడట. ఆదివారం పొద్దున్న స్టూడియోకొచ్చి ఇచ్చేడు. "జూలై మొదటి ఆదివారం" అన్న మాట చదివి గోడమీద క్యాలెండరు వంక చూశాను. ఆ రోజే అది. అప్పలరాజు గారికి ఫోను చేస్తే, "పొద్దున్నే రాజోలు బస్సెక్కించేనండి, ఈపాటికి చేరిపోయుంటాది" అన్నాడు. కెమెరా ముందు పెళ్ళివాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళని అలాగే వదిలేసి పరిగెత్తాను.

రేవులో పడవ కట్టేసి ఉంది. "వరద ఎర్రనీరొచ్చేసిందండీ, ఇంక పడవెయ్యమండి. పొద్దున్న ఒకమ్మాయిని దింపేనండి, అదే ఆఖరు" అన్నాడు పడవాయన. ఆయన కాళ్ళు పట్టేసుకున్నాను. నా ఏడుపు చూసి ఏమనుకున్నాడో, తాడు విప్పేడు.

నేను వెళ్ళేసరికి తాళం పగలగొట్టి ఉంది. ముందుగది తుడిచేసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ప్రసన్న పడకగది తలుపుకి భుజం ఆనించి తోస్తోంది. "అత్తా, వచ్చేవా! ఈ తలుపు బిగుసుకుపోయింది. నువ్వూ ఓ చెయ్యెయ్యి" అని నవ్వింది. ఆ తలుపు లోపలివైపుకి తెరుచుకుంటుందని నీకు తెలుసు కదా. జడ పట్టుకుని వెనక్కి లాగేశాను. వెల్లకిలా పడింది. "ఇల్లు మాకివ్వడం ఇష్టంలేక కొడుతున్నావా అత్తా?" అని ఏడ్చింది.

తలుపవతల గది లేదు వదినా.

పోయిన ఆగస్టు వరదకి పోయింది. పడకగది, వెనక వసారా, అన్నయ్య మంచం, పెరట్లో చెట్లు, అన్నీ ఒక్క మధ్యాహ్నం గోదాట్లోకి జారిపోయేయి. ఎదురుగుండా నేనూ ఉన్నాను, ఏం చెయ్యగలను? చుట్టుపక్కల వాళ్ళందరూ ఇవతల గట్టుకి వచ్చేసేరు. సత్యదుర్గ పిన్ని కూడా. మన వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు, లోపలికున్న తోటల పనికే పడవ వేస్తున్నారు.

నేను అన్నీ నిజాలే తీశాను, ఒక్కటీ దిద్దలేదు. వెలుగు మాత్రం నాకు కావలసినచోటే వేశాను. ముందుగది గోడ పైనుంచి కిందిదాకా బీట వారింది, ఆ పక్కకి లైటు తిప్పలేదు. నేల ఓ పక్కకి ఒరిగిపోయింది, దాన్నీ చీకట్లో వదిలేశాను. ఇంక ఆ తలుపు కింద వెలుగు. అది దీపం కాదు వదినా, పగలు. గోదారి మీద పడ్డ ఎండ కిందనుంచి లోపలికొచ్చింది. గోనె అడ్డం పెట్టి చూస్తే ఫోటోలో ఎబ్బెట్టుగా ఉంది. తీసేశాను. నువ్వు అడుగుతావేమోనని దీపం పెట్టానని రాశాను. నువ్వు దాన్ని చూసుకుని, లోపల అన్నయ్య మేలుకుని ఉన్నాడనిపిస్తోందని రాసినరోజు నేను అన్నం తినలేకపోయాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎందుకు చేశానంటావా? ఇల్లు లేదని తెలిస్తే నువ్వు రావు. సంతకం పెట్టేస్తావు. ఆ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు కదా. నవంబరులో నువ్వు విమానం దిగాక చెబుదామనుకున్నాను. ఏడుస్తావు, కొడతావు, అయినా నా కళ్ళముందు ఉంటావు కదా అనుకున్నాను. అప్పలరాజు గారికి చెబితే శుక్రవారానికల్లా నీకు తెలిసిపోతుందని ఆయనకీ చెప్పలేదు. ప్రసన్నకీ చెప్పలేదు. ఇల్లు నాకు కావాలనుకున్నావు. అనుకో. అది నాకు పెద్ద దెబ్బ కాదు. ఆ రోజు ఇంకొక్క తోపు తోస్తే ఏమయ్యేదో, అది తలుచుకుని రాత్రుళ్ళు లేచి పిల్ల పక్కనుందో లేదో తడిమి చూసుకుంటున్నాను.

నాన్న పోయిన గది చూడాలి అని పిల్ల మొండికేసింది. దాని నడుముకి చీర కట్టి, రెండో కొస ముందుగది కిటికీ ఊచలకి ముడేసి, దూరాన్నుంచి పలుగుతో తలుపు పొడిచాను. తెరుచుకుంది. గదంతా ఒక్కసారి వెలుగొచ్చేసింది. ఎదురుగా ఎర్రగా గోదారి. ప్రసన్న అరవలేదు, ఏడవలేదు. "అమ్మకి చూపించు అత్తా" అంది. నా ఫోనుతోనే తీశాను. దీనికి లైటు అవసరం లేకపోయింది. ఈ కవర్లోనే పెట్టాను, అందులో గోడకి ఆనుకుని ఉన్నది ప్రసన్నే.

వదినా, ఇల్లు లేకపోయినా రా. నా గదిలో ముగ్గురం పట్టకపోతే ఒకళ్ళం గుమ్మంలో పడుకుందాం. నన్ను జన్మంతా తిట్టు. రా.

కళ్యాణి


అమలాపురం,
ఆగస్టు

వదినా,

నీ శుక్రవారం ఫోను రావడం లేదు. నా దగ్గరికి వచ్చేసినప్పట్నుంచీ ప్రసన్న ప్రతి శుక్రవారం నా ఫోను చేతిలోంచి వదలదు. అప్పలరాజు గారికీ రాలేదట. మేడం నంబరుకి చేస్తే కట్ చేసేస్తోంది. సూరమ్మ గారి అబ్బాయిని పట్టుకుని అడిగితే, వాళ్ళమ్మ నిన్ను చూసి చాలా రోజులైందని చెప్పిందట.

నువ్వు ఏమైనా చేసుకున్నావా? ఒట్టు వదినా, మాకు రాత్రుళ్ళు నిద్రల్లేవు. పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. తిట్టడానికైనా ఒక్కసారి ఫోను చెయ్యి. ఒక్క ముక్క రాసి ఎవరిచేతైనా పంపించు. బతికున్నానని రాయి చాలు.

కళ్యాణి


కువైట్,
సెప్టెంబరు

కళ్యాణికి,

బతికే ఉన్నాను.

శుక్రవారం ఫోను నేనే వద్దన్నాను. ప్రసన్న గొంతు వింటే నవ్వలేను. నవ్వకపోతే మేడం ఊరుకోదు. అందుకని వద్దన్నాను. దానికి ఈ మాట నెమ్మదిగా చెప్పు.

నిన్ను తిట్టడానికి కూచుని చాలా కాయితాలు పాడుచేశాను. పిల్ల జడ పట్టి లాగినందుకు నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలో, ఆ ఫోటోలు పంపినందుకు చెప్పుచ్చుకు కొట్టాలో నాకు తేలడం లేదు. రెండూ చెయ్యాలనుంది. నువ్వు తాళం ఇవ్వలేదు. పగలగొట్టమన్నది నేను. కన్నకూతుర్ని నా నోటితో నేనే ఆ తలుపు దాకా పంపించాను. నీమీద అన్న మాటలు అన్నీ నాకు గుర్తున్నాయి. అవి వెనక్కి తీసుకోవడానికి నాకు మొహం లేదు.

ఆ ఫోటో కవరులోంచి తియ్యడానికి నాకు చాలా రోజులు పట్టింది. తీసినరోజు మేడం చిన్నకూతురు చూసేసింది. చేతిలోంచి లాక్కుని, "ఎంత బాగుందో! తలుపు తీస్తే నీళ్ళే! ఇది మీ ఇల్లా?" అంది. అవును అన్నాను. "ఇంత మంచి ఇల్లు వదిలి ఇక్కడెందుకున్నావు?" అంది. దానికి ఆరేళ్ళు. దాన్ని దగ్గరకి తీసుకుని ఏడ్చాను. మేడం చూసింది. మొదటిసారి ఏమీ అనలేదు.

మర్నాడు నేనే వెళ్ళి సంతకం పెట్టాను.

కోపం తెచ్చుకో. నువ్వు దేనికి భయపడి ఇంత చేశావో అదే చేశాను. రమ్మన్నావు, పట్టకపోతే ఒకళ్ళం గుమ్మంలో పడుకుందామన్నావు. నువ్వన్నంత పనీ చేస్తావు, నాకు తెలుసు. నేను వచ్చి నీ గుమ్మంలో పడుకుంటే నా కూతురు రేపు ఇంకెవరి గుమ్మంలో పడుకుంటుంది? నాకు ఈ చాకిరీ తప్ప ఇంకేం వచ్చు? నవంబరులో వస్తానని ఆ తలుపుకి రోజూ రాత్రి మాటిచ్చాను. తప్పాను. ఇంక ఎవరికీ తేదీ చెప్పను.

ప్రసన్న నీ దగ్గరే ఉంటుంది. అమలాపురంలో డిగ్రీలో చేర్పించు. నీతో మాట్లాడకపోతే నాలుగు తగిలించు, మేనత్తవి, నీకా హక్కుంది. ఆ గట్టు వైపు మాత్రం పంపకు. నువ్వూ వెళ్ళకు. ఆ మిగిలిన గోడల్ని గోదారి ఎప్పుడు పట్టుకెళ్ళినా నాకు రాయకు.

ఒక్క పని చేసిపెట్టు. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ నెమ్మదిగా చూడు, తొందర లేదు. రెండు గదులు వేసుకునేంత జాగా కావాలి నాకు. మీ అన్నయ్య గట్టు మీదే కట్టాలన్నాడు, పొద్దున్న లేవగానే గోదారి కనబడాలన్నాడు. నాకొద్దు. కనబడకూడదు, చప్పుడు వినపడకూడదు, వరదొచ్చిందని ఎవరూ వచ్చి తలుపు కొట్టకూడదు. అలాగని పరాయి ఊళ్ళో నేను బతకలేను. రావులపాలెం అవతలకి నన్ను పంపకు. కోనసీమలోనే కావాలి. గోదారి లేని చోటు కోనసీమలో ఎక్కడుందో నువ్వే వెతికి రాయి.

మీ వదిన
వీరవేణి